తీర్పు రాయని నివేదిక

ముల్లర్ నివేదికని నేను మొదట చదవలేదు. 2019 మార్చి 24న అటార్నీ జనరల్ బార్ రాసిన నాలుగు పేజీల ఉత్తరం చూసి, ‘ఓహో, ఏమీ లేదన్నమాట’ అనుకుని ట్యాబ్ మూసేశాను. అసలు నివేదిక ఏప్రిల్ 18న వచ్చింది. అక్కడక్కడా నల్లరంగు పులిమిన 448 పేజీలు. ఎప్పటికో దాన్ని తెరిచాను.

ట్రంప్ న్యాయప్రక్రియకి అడ్డుపడ్డాడా అన్నదే రెండో సంపుటం. కథనం బిగువుగా ఉంటుంది. 2017 జూన్‌లో ట్రంప్ ఫోన్ చేసి ముల్లర్‌ని తొలగించేలా చూడమంటాడు. వైట్‌హౌస్ న్యాయవాది మెక్‌గాన్ ఆ పని చెయ్యడు, రాజీనామాకి సిద్ధపడతాడు. తర్వాత, అలా అడగనేలేదని రాసిపెట్టమంటే అదీ చెయ్యడు. ఒక్కో ఘటన దగ్గరా చర్య, దర్యాప్తుతో దాని సంబంధం, ఉద్దేశం విడివిడిగా తూస్తారు. తీర్పు కోసం పేజీ తిప్పుతాం. ఉండదు.

పదవిలో ఉన్న అధ్యక్షుడిపై అభియోగం మోపకూడదన్నది అక్కడి న్యాయశాఖ విధానం. మన రాజ్యాంగంలో రాష్ట్రపతికి ఆ రక్షణ 361వ అధికరణంలో రాసే ఉంది. అమెరికా రాజ్యాంగంలో అలాంటి వాక్యం లేదు. ఉన్నవి 1973లో, 2000లో న్యాయశాఖ తనకి తాను రాసుకున్న మెమోలు. ముల్లర్ వాటికి కట్టుబడ్డాడు. కోర్టులో జవాబు చెప్పుకునే వీలు లేని మనిషిని నేరస్తుడనడం అన్యాయం అనుకున్నాడు. అందుకే నేరం చేశాడని అనడు. చెయ్యలేదని నమ్మకంగా తేలితే చెప్పేవాళ్ళం, తేలలేదు అంటాడు. ఆ రెండు ‘లేదు’ల మధ్య ఉంది అసలు విషయమంతా.

ఈ భాష నాకు తెలుసు. సర్వర్ పడిపోయిన ఒక రాత్రి తర్వాత నేనూ ఇలాంటి రిపోర్టు రాశాను. పైవాళ్ళ నిర్ణయమే కారణమని తెలిసి కూడా ‘మార్పు చేయబడింది’ అని రాసి, లాగ్స్ అన్నీ జతచేశాను. చదివినవాళ్ళకి అర్థమవుతుందిలే అనుకున్నాను. లాగ్స్ ఎవరూ తెరవలేదు.

ముల్లర్ది నా పిరికితనం కాదు, నియమం. కానీ ఫలితం ఒకటే. అతను ఖాళీగా వదిలిన చోట, సాక్ష్యం చాలదని బార్ రాసేశాడు. జనం చదివింది దాన్నే, నేనూ అంతే. పదవి దిగాక విచారించవచ్చని నివేదిక ఒక తలుపు తెరిచి ఉంచింది. 2024 జులై 1న సుప్రీం కోర్టు, అధ్యక్షుడి అధికారిక చర్యలకి రక్షణ ఇచ్చి, దాన్ని చాలావరకు మూసింది.

అయినా రెండో సంపుటం చదవండి. మెక్‌గాన్ ఘట్టంతో మొదలుపెట్టండి. తీర్పు మనకే వదిలేసిన పుస్తకం అది. ఎవరో రాసిన నాలుగు పేజీలతో సరిపెట్టుకోకండి.