శ్రుతి దించిన గిటార్

హెవీ మెటల్ అంటే చెవులు చిల్లులు పడే గోల అనుకునేవాళ్లు బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట వినాలి. వాన, ఉరుము, ఎక్కడో గంట. ఆ మీదట గిటార్ మూడే స్వరాలు పలుకుతుంది: షడ్జం, తారషడ్జం, అక్కణ్నుంచి కిందికి దిగి ప్రతిమధ్యమం. కల్యాణిలో మనకు అంత హాయిగా వినిపించే ప్రతిమధ్యమమే ఇక్కడ గాంధార పంచమాల తోడు లేక గుబులు పుట్టిస్తుంది. వేగం లేదు. స్వరానికీ స్వరానికీ మధ్య బోలెడంత ఖాళీ. బరువంతా ఆ ఖాళీలోనే ఉంది.

1970 ఫిబ్రవరి 13న వచ్చిన ఆ ఆల్బమ్‌ను ఒక్క రోజులో వాయించేశారు. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ కార్మికవాడ కుర్రాళ్లు వాళ్లు. గిటార్ టోనీ అయోమీ, బేస్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్, గాత్రం ఓజీ ఆస్‌బోర్న్. అయోమీది ఎడమచేతి వాటం. పదిహేడేళ్లప్పుడు, రేకుల ఫ్యాక్టరీలో పని మానేస్తున్న రోజునే, మిషన్‌లో పడి అతని కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించాడు. మామూలు తీగలు బిరుసుగా ఉన్నాయని సన్నటి బాంజో తీగలు తెచ్చి కట్టాడు.

అదే ఏడాది వచ్చిన ‘పారనాయిడ్’ వాళ్లను ఇంటింటికీ చేర్చింది. అందులో ‘ఐరన్ మ్యాన్’ పాటలో గిటార్ ఎటు పోతే గొంతు అటే పోతుంది, స్వరానికి స్వరం.

నా లెక్కలో అసలు మలుపు 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’. కొన్ని పాటల్లో గిటార్ శ్రుతిని మూడు స్వరస్థానాలు కిందికి దించారు, బేస్‌నూ దానితో పాటే దించారు. తీగ వదులైతే దెబ్బతిన్న వేళ్లకు సుఖం. కానీ వదులు తీగ మీటినప్పుడు నాదం లావెక్కుతుంది, కొసన కాస్త వణుకుతుంది. ‘ఇన్‌టు ది వాయిడ్’లో ఆ లావు నాదాన్ని వినండి. బట్లర్ బేస్ గిటార్‌కు అంటిపెట్టుకుని నడుస్తుంది, రెండూ కలిసి ఒకే వాద్యమనిపిస్తాయి. ఇంత మెల్లగా నడిచే డూమ్ మెటల్ అనే శాఖ మొత్తానికి వేరు ఇక్కడే ఉంది.

ఆ తర్వాత కుదురుగా లేరు. 1972లో ‘వాల్యూమ్ 4’లో ‘ఛేంజెస్’ అనే పాటంతా పియానో మీదే సాగింది. 1973 ఆల్బమ్‌లో ఒక పాటకు యెస్ బృందపు రిక్ వేక్‌మన్ వచ్చి కీబోర్డు వాయించాడు. ఆ దశకం చివరి రెండు ఆల్బమ్‌లలో ఉత్సాహం సన్నగిల్లింది.

1979లో ఓజీని తప్పించారు. వచ్చిన రానీ జేమ్స్ డియో గిటార్ వెంట నడిచే గాయకుడు కాడు. 1980 నాటి ‘హెవెన్ అండ్ హెల్’లో గిటార్ ఒక దారిన పోతుంటే గొంతు దాని మీదుగా తన సొంత వరస కట్టుకుంటుంది. పాత అభిమానులు కొందరు ముఖం చిట్లించారు గానీ, అది రెండో జన్మే.

2013లో ఓజీ తిరిగొచ్చి పాడిన ‘13’లో శ్రుతి, నడక, గొంతు అన్నీ పాతవే. డ్రమ్స్ మాత్రం వార్డ్‌వి కావు. జాజ్ విని పెరిగిన వార్డ్ తాళంలో ఒక ఊగు ఉండేది, ఎంత బరువైన గిటార్ వరసనైనా కదిలించేది. ‘13’లో బ్రాడ్ విల్క్ లెక్క తప్పకుండా వాయించాడు, కానీ ఆ ఊగు రాలేదు.