హస్‌దేవ్ అడవి ముందు మన వాదన

పెద్ద కంపెనీల వల్ల పర్యావరణానికి మేలా, కీడా అని అడిగితే మన అంబేద్కరైట్లలో చాలామంది దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఊరు మనల్ని వాడలో ఉంచింది, రైలూ ఫ్యాక్టరీ మనకు జీతం ఇచ్చాయి, అడవి పోతోందని ఏడ్చేది కడుపు నిండినవాళ్లు, ఆ గొడవ మనకెందుకు అన్నది ఆ జవాబు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగువాళ్ల మధ్య ఈ మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. అందుకు కారణమూ ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెలు విడిచి కూలికి వచ్చిన కుటుంబాలు ఇక్కడ నిలదొక్కుకున్నాయి. సొంత ఊళ్లో దొరకని గౌరవం నెల జీతంతో కొంతైనా దొరికింది. ఆ జీతంలో పెద్ద వాటా బొగ్గు వ్యాగన్లు లాగినందుకు వచ్చిందే.

అందుకే ఈ వాదనను నేను తీసిపారేయను. కానీ అది సగం వాదన. మిగతా సగం మనకు ఉత్తరాన, హస్‌దేవ్ అరంద్ అడవిలో ఉంది.

సుమారు 1,70,000 హెక్టార్ల అడవి అది. సాల వృక్షాలు, ఇప్ప, తునికి, ఏనుగుల దారులు, గోండుల పల్లెలు. కింద 500 కోట్ల టన్నులకు పైగా బొగ్గు. ఇక్కడ తవ్వకూడదని 2009-10లో కేంద్ర పర్యావరణ, బొగ్గు శాఖల ఉమ్మడి పరిశీలనే తేల్చింది. అయినా 2011 జూన్‌లో, అటవీ సలహా సంఘం వద్దన్నా, నాటి మంత్రి జైరాం రమేశ్ పర్సా ఈస్ట్–కేంతే బాసన్ గనికి అనుమతి ఇచ్చారు. ఆయన చూపిన కారణాల్లో ఒకటి, ఈ బ్లాకులు అడవి అంచున ఉన్నాయని. అంచు అన్న మాటతో వచ్చిన చిక్కేమిటంటే, ఒక అంచు తవ్వేశాక దాని పక్కనున్నది కొత్త అంచవుతుంది. ఆ గనికి 1,898 హెక్టార్ల అటవీ భూమి ఇచ్చారు. ఆ వెనకే పర్సా, కేంతే ఎక్స్‌టెన్షన్ బ్లాకులు వరసకట్టాయి. 2014 మార్చి 24న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ అనుమతిని కొట్టేసింది. మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తవ్వకం సాగుతూనే ఉంది.

కంపెనీ వైపు మాట కూడా వినాలి. తవ్విన గోతులు పూడ్చి మొక్కలు నాటామంటారు. ఆదివాసీ పిల్లలకు ఉచిత ఇంగ్లీషు మీడియం బడి నడుపుతున్నామంటారు. బడి ఉన్నమాట నిజమే. కానీ చదువు చెప్పించడం 21ఎ అధికరణ కింద ప్రభుత్వం బాధ్యత. అడవిని ఇచ్చి కొనుక్కోవాల్సిన సరుకు కాదు. ఇక మొక్కల లెక్క. సాల విత్తనం చెట్టు నుంచి రాలాక వారం రోజులు దాటితే మొలకెత్తే శక్తి దాదాపు పోతుంది. తల్లిచెట్ల నీడలో, ఆ నేలలో, ఆ తొలకరికే అది మొలవాలి. అలాంటి అడవిని నరికి, నాటిన మొక్కల సంఖ్య చూపిస్తే అది ఆడిటర్‌కు సరిపోతుందేమో, ఏనుగుకు సరిపోదు. భారత వన్యప్రాణి సంస్థ 2021 నివేదిక ప్రకారం దేశంలోని అడవి ఏనుగుల్లో ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవి 1 శాతం లోపే. ఏనుగుల దాడుల్లో దేశంలో పోతున్న ప్రాణాల్లో మాత్రం 15 శాతానికి పైగా ఇక్కడివే. దారి మూసేస్తే ఏనుగు పల్లెలోకి వస్తుంది, కంపెనీ ఆఫీసుకు వెళ్లదు.

మనలో కొందరు దీనికి వేరే మందు చెబుతారు: బాబాసాహెబ్ ‘రాజ్యాలు–మైనారిటీలు’లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలన్నారు, ప్రైవేటును తీసేస్తే చాలు అని. హస్‌దేవ్ కాగితాలు చూడండి. గని యజమాని రాజస్థాన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థ. తవ్వేది అదానీ సంస్థ. పేరు రాజ్యానిది, చెయ్యి కంపెనీది. మధ్యప్రదేశ్‌లోని సులియారి గనిలో మన ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థదీ ఇదే ఏర్పాటు. పోనీ, పూర్తిగా ప్రభుత్వ బొగ్గు సంస్థ, విద్యుత్ సంస్థలే ముందుండి నడిపించిన కోర్బాను 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలో పెట్టింది. యజమాని పేరు మారినంత మాత్రాన బూడిద తీరు మారలేదు.

బాబాసాహెబ్ పరిశ్రమను కోరిన మాట వాస్తవం. అయితే కార్మిక సభ్యుడిగా ఆయన 1943లో ధన్‌బాద్ వైపు బొగ్గుగనుల్లోకి స్వయంగా దిగి చూశారు. 1944లో గని కార్మికుల సంక్షేమ నిధి తెచ్చారు. ఎంత బొగ్గు తీశారన్నదొక్కటే చూసి ఊరుకోలేదు, ఎవరి ఒంటి మీదుగా తీశారని అడిగారు. ఆ ప్రశ్న గనిలో దిగేవాడికే వర్తిస్తుందా, గని మింగేసిన ఊరికి వర్తించదా?

నీళ్ల సంగతి చూడండి. హస్‌దేవ్ నది మీది బాంగో జలాశయానికి సత్నామీ నాయకురాలు, ఛత్తీస్‌గఢ్ నుంచి లోక్‌సభకు వెళ్లిన తొలి మహిళ మినీమాత పేరు పెట్టారు. జాంజ్‌గీర్–చాంపా పొలాలు ఆ నీళ్లతో పండుతాయి. ఆ పొలాల్లో దుక్కి దున్నేవాళ్లలో మన దళితులు ఎందరో. జలాశయానికి నీళ్లు అందించే పరీవాహక అడవిని గనులకు ఇచ్చేసి, అది ఆదివాసుల సమస్య, మనది కాదు అనడం ఎలా కుదురుతుంది? బాబాసాహెబ్ ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’లో సిద్ధార్థుడి గృహత్యాగానికి నాలుగు దృశ్యాల కథను ఒప్పుకోలేదు. రోహిణీ నది నీళ్ల తగాదాను కారణంగా చూపారు. యుద్ధం వద్దు, ఇరువైపులా ఎన్నుకున్నవాళ్లు కూర్చుని తేల్చాలని సిద్ధార్థుడు సంఘంలో లేచి మాట్లాడాడు. నీటి తగాదాను ధమ్మానికి బయటి విషయంగా చూసినవాడైతే బాబాసాహెబ్ ఆ కథను అక్కడ పెట్టేవారే కాదు.

నా దృష్టిలో కంపెనీ చేసే మొదటి కీడు చెట్టుకు కాదు, సభకు. మహాపరినిబ్బాన సుత్తంలో వజ్జుల మీద దండెత్తాలని మగధ మంత్రి వస్తే, వజ్జులు తరచుగా సభ కూడుతున్నారా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడుగుతాడు. కూడినంత కాలం వాళ్లకు క్షీణత లేదంటాడు. హస్‌దేవ్‌లోనూ సభ కూడింది. 2015 నాటికే దాదాపు 20 గ్రామసభలు గనులు వద్దని తీర్మానించాయి. 2021 అక్టోబరులో జనం సుమారు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ చేరారు. సమ్మతి తీర్మానాలు దొంగవని సాల్హి, హరిహర్‌పూర్, ఫతేపూర్ గ్రామస్థుల ఆరోపణ. 2022 జులై 26న రాష్ట్ర శాసనసభే అక్కడి బ్లాకులు రద్దు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తర్వాతా గొడ్డళ్లు ఆగలేదు.

ఘాట్‌బర్రా ఊరిది వీటన్నిటికంటే వింత. 2013లో ఆ ఊరికి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కుపత్రం ఇచ్చారు. 2016 జనవరిలో దాన్ని రద్దు చేశారు. ఆ హక్కును అడ్డం పెట్టుకుని గ్రామస్థులు గని పని ఆపుతున్నారన్నది ఉత్తర్వులో చూపిన కారణాల్లో ఒకటి. హక్కు ఉన్నదే ఆపడానికి కదా! 2006 నాటి ఆ చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినా, ఒకసారి ఇచ్చిన సామూహిక హక్కును వెనక్కి తీసుకునే సెక్షన్ ఒక్కటీ కనిపించదు. ఆ రద్దు మీద కేసు మన ఊరి హైకోర్టుకే వచ్చింది. రైల్వే కాలనీ నుంచి అక్కడికి ఆటోలో పోవచ్చు.