140కి సర్దని చెయ్యి

తార్నాకలో ఉస్మానియా క్యాంపస్ పక్కనున్న జాతీయ పోషకాహార సంస్థ సర్వేల్లో ఊళ్లవాళ్ల బీపీ కూడా చూస్తారు. పద్ధతిగా బీపీ చూసే పనితనమంటే నాకెంతో ఇష్టం. ముందు మనిషిని 5 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. కాళ్లు నేలకు ఆనాలి, వీపుకు ఆసరా ఉండాలి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఆనాలి. పట్టీ చొక్కామీద కాదు, ఒంటికే చుట్టాలి. లావు చేతికి పెద్ద పట్టీ. స్టెతస్కోపు పెట్టి, పీడనం సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున తగ్గేలా గాలిని వదులుతూ, చప్పుడు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చెవితో పట్టుకోవాలి. 138 వస్తే 138 అనే రాయాలి, 140కి సర్దకూడదు. ఆ నిజాయితీకి నా దండం! కాసేపాగి మళ్లీ చూసి, ఏ చెయ్యో, ఏ వేళో కూడా రాస్తారు గనకే ఒక ఊరి లెక్కను మరో ఊరి లెక్కతో పోల్చగలుగుతున్నాం. ఈసారి మీ బీపీ చూసేటప్పుడు ఆ 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి.