మనదీ ఒక ప్రాంతమే

మా మేనకోడలి కూతురు ఏలూరులో డిగ్రీ చదువుతోంది. మొన్న ఆదివారం తెలుగు నోట్సు తెచ్చి నా ముందు పెట్టింది. పైన ‘ప్రాంతీయ సాహిత్యం - లక్షణాలు’ అని ఉంది. కింద వరుసగా మాండలికం, భౌగోళిక నేపథ్యం, ఆచారాలు, సామెతలు, వృత్తులు. ఉదాహరణలన్నీ రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణ రచయితలవే. ‘మనవైపు వాళ్లెవరూ లేరా అమ్మా?’ అన్నాను. ‘మనది మామూలు తెలుగే కదా తాతయ్యా’ అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. తప్పు ఆ పిల్లది కాదు. కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాటే పత్రికల్లోకీ, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. దాంతో మన పిల్లలకు యాస అన్నది ఎప్పుడూ ఎదుటివాళ్లకే ఉంటుంది. తమకూ ఒక నేల ఉందని, ఆ నేల తమ చేత కొన్ని రకాల కథలే చెప్పిస్తుందని వాళ్లకు తోచే అవకాశమే లేకుండా పోయింది.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పాట తెలుసు: పాఠం సొంతూరి కథతోనే మొదలవ్వాలి. తాడేపల్లిగూడెం పిల్లలకు నల్లజర్ల రోడ్డు తెలియనిది కాదు. తణుకు వాసి తిలక్ ఆ రోడ్డు పేరే పెట్టి కథ రాశారు. చీకటి, అడవి, పాము కాటు, కదలని కారు. గూడెం నుంచి ఉత్తరానికి వెళ్తే మెట్ట, దక్షిణానికి దిగితే కాలవల డెల్టా, పడమటికి పోతే కొల్లేరు. ఇంత చిన్న మేరలో భయాలే మారిపోతాయి. నోట్సులో ఈ మూడింటికీ కలిపి ‘కోస్తా’ అన్న ఒక్క మాట కూడా లేదు.

కొల్లేరు పేరెత్తాక ఆగలేను. మా అమ్మమ్మగారిది లంక గ్రామం. వేసవిలో నడిచి వెళ్లిన దారినే వానాకాలం వెళ్లాక దోనెలో దాటేవాళ్లం. బుడమేరూ తమ్మిలేరూ పొంగి వచ్చిన నీరంతా ఉప్పుటేరు లాగినంత మేరకే సముద్రానికి పోయేది. మిగిలింది ఊళ్ల చుట్టూ నిలిచేది. నీరు తీశాక అదే నేలలో వరి. బడి ముఖం చూడని ముసలివాళ్లు కూడా ‘అయిదో కాంటూరు’ అని ఇంజనీర్ల మాట మాట్లాడేవారు. ఎందుకంటే వాళ్ల హక్కు సరస్సు హద్దు చెప్పే ఆ ఎత్తు గీత మీద ఆధారపడింది. 1970లలో సొసైటీల పేరున చేపల చెరువులు వచ్చాయి. తర్వాత డబ్బున్నవాళ్ల గట్లు సరస్సు లోపలికి నడిచాయి. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో గట్లు పేల్చారు. ఏడాదికోసారి నీటికింద మాయమై మళ్లీ తేలే నేల ఎవరిది? వలవేసే వడ్డి కులస్థులదా, దుక్కి దున్నే రైతుదా, పెట్టుబడి పెట్టినవాడిదా, పెలికాన్లదా? అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలకు ప్రాణం ఈ నేలా ఈ నీళ్లే. అందులో కొల్లేటి మాటలూ ఉన్నాయి, నిజమే. కానీ వాటన్నిటినీ పత్రికల భాషలోకి మార్చి రాసినా ఆ కథ ఇంకో చోట జరగదు. వసంత్ కన్నబిరాన్ ఇంగ్లిష్‌లోకి తెచ్చినా అది కొల్లేటి కథగానే నిలిచింది. నా దృష్టిలో ప్రాంతీయ సాహిత్యానికి మొదటి లక్షణం అదే: అక్కడి బతుకులోంచి పుట్టి, మరోచోటికి తరలించలేని తగాదా. మాండలికం దాని వెంట వస్తుంది.

అయితే ఆ పిల్లకు ముందుగా ‘కొల్లేటి జాడలు’ ఇవ్వాలా? నా పాత పాట ప్రకారమైతే ఇవ్వాలి. కానీ వారమంతా ఆలోచించాక, ఇవ్వకూడదనే అనిపిస్తోంది. వరద, దోనె, చేపల చెరువు ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలిసినవి. ‘ఇందులో కొత్తేముంది’ అని పక్కన పెట్టేస్తుంది. ముందు అనంతపురం సింగమనేని నారాయణ ‘జూదం’ చదవనివ్వండి. సేద్యం పందెంగా మారిన చోట రైతు ఆకాశంకేసి ఎలా చూస్తాడో తెలియనివ్వండి. శ్రీకాకుళం వైపు నుంచి కాళీపట్నం రామారావు 1964లో రాసిన ‘యజ్ఞం’ చదివి, ఒక అప్పు ఒక ఊరినంతటినీ ఎలా నిలదీస్తుందో చూడనివ్వండి. నీరు రాక కూలిన ఇంటిని చూసిన కళ్లతో, నీరు వచ్చి కూలిన ఇంటి దగ్గరికి రమ్మనండి. అప్పుడు తన ఊరు ఆమెకు కొత్తగా కనబడుతుంది. ‘మామూలు తెలుగు’ అన్న మాట దానంతటదే పోతుంది.

తెలుగు మాస్టార్లకూ మేడమ్‌లకూ నా మనవి ఇది. లక్షణాల పట్టిక యూనిట్ చివర రాయించండి. మొదటి వారం సీమ కథ, రెండో వారం ఉత్తరాంధ్ర కథ, మూడో వారం కొల్లేరు. ఆ తర్వాత ఒకే ప్రశ్న వేయండి: ఈ కథల్లో మనుషులు దేనికోసం తగువు పడుతున్నారు, మీ ఇంట్లో దేనికోసం పడ్డారు? జవాబులు తాతల్నీ అమ్మమ్మల్నీ అడిగి రాసుకు రమ్మనండి. వాటిలో బాగున్నవి నాకు పంపితే ఈ పేజీలో వేస్తాను.