తాళం ఒక్కటే భద్రత కాదు: వృద్ధాశ్రమాల్లో మార్ఫిన్ శిక్షణ - ఒక విమర్శ

నాంపల్లి రైల్వే స్టేషనుకు సమీపంలో, రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆసుపత్రి ఉంది. ఉపశమన చికిత్సకు, అందులో శిక్షణకు పేరున్న సంస్థ ఇది. అక్కడ మార్ఫిన్ మాత్రలు రాయించుకున్న ఒక వృద్ధురాలు ఆబిడ్స్‌లోని ఒక వృద్ధాశ్రమానికి తిరిగి వచ్చిందనుకుందాం. రాత్రివేళ ఆమెకు మాత్ర ఇచ్చేది డాక్టరు కాదు, డ్యూటీలో ఉన్న ఆయా. మరి ఆ ఆయాకు శిక్షణ ఇచ్చేదెవరు?

ముందుగా చట్టాన్ని పరిశీలిద్దాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అక్రమ రవాణాను అరికట్టడంపైనే దృష్టి పెట్టింది. మార్ఫిన్ కోసం ఆసుపత్రులు పలు లైసెన్సులు తీసుకోవలసి రావడంతో నొప్పితో ఉన్న రోగులకు ఆ మందు అందడం కష్టమైంది. 2014 సవరణ ఈ లోపాన్ని సరిదిద్దింది. మార్ఫిన్, ఫెంటనిల్, కోడీన్ వంటి ఆరు మందులను 2015లో అత్యావశ్యక మాదక ఔషధాలుగా ప్రకటించారు. గుర్తింపు పొందిన వైద్యసంస్థలో శిక్షణ పొందిన వైద్యుడు ఉండాలన్నారు. ఇది మంచి సంస్కరణే. అయితే శిక్షణ నిబంధన వైద్యుని దగ్గరే ఆగిపోయింది. మాత్రను చేతికందించే మనిషి దాకా రాలేదు.

ఇక శిక్షణ స్వరూపాన్ని చూద్దాం. సిబ్బందికి తాళం, రిజిస్టరు మాత్రమే నేర్పితే ఏమవుతుంది? సాధారణ మార్ఫిన్ మాత్ర సుమారు 4 గంటలే పనిచేస్తుంది. తాళంచెవి వార్డెన్‌తో ఇంటికి వెళ్లిపోతే ఆ వృద్ధురాలు తెల్లవార్లూ మూలుగుతూనే ఉంటుంది. ఉదయం మాత్రల లెక్క మాత్రం సరిగ్గా సరిపోతుంది! తనిఖీలో ఆ ఆశ్రమానికి మంచి మార్కులే పడతాయి.

తాళం వద్దని దీని అర్థం కాదు. మందు దారిమళ్లే ప్రమాదం నిజమైనదే. కాబట్టి ప్రతి మోతాదుకూ ఇద్దరి సంతకాలు, డ్యూటీ మారేటప్పుడు మాత్రల లెక్కతోపాటు తాళంచెవి అప్పగింత తప్పనిసరి. వాటితోపాటు రిజిస్టరులో మరో గడి ఉండాలి: మందుకు ముందు, తరువాత నొప్పి 0 నుంచి 10 వరకు ఎంత? మితిమీరిన మగతను, నెమ్మదించిన శ్వాసను గుర్తించి వెంటనే డాక్టరుకు చెప్పడం, మలబద్ధకాన్ని గమనించడం కూడా ఆయాకు నేర్పాలి. మాత్రలను మాత్రమే లెక్కపెట్టి, నొప్పిని లెక్కపెట్టని రిజిస్టరు సగం రిజిస్టరే.

మీ అవగాహనను పరీక్షించుకోండి: 2014 సవరణ పరిష్కరించిన సమస్య ఏది? మిగిల్చిన లోపం ఏది?