ఎంపికల బాకీ: బయోవేర్ కథనరీతి

కెనడాలోని ఎడ్మంటన్‌లో 1995లో రే ముజైకా, గ్రెగ్ జెస్‌చుక్, అగస్టీన్ యిప్ అనే ముగ్గురు వైద్యులు మరికొందరితో కలిసి బయోవేర్ అనే వీడియో గేముల సంస్థను స్థాపించారు. యిప్ కొంతకాలానికే వైద్యవృత్తికి తిరిగి వెళ్ళిపోయాడు. 1998లో ‘బాల్డర్స్ గేట్’తో సంస్థకు పేరొచ్చింది. ఆ తరువాతి క్షీణతకు, 2008లో దానిని సొంతం చేసుకున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను దోషిగా నిలబెట్టడం పరిపాటి. ఆ వాదనలో కొంత నిజముంది. కాని అసలు చిక్కు బయోవేర్‌కు కీర్తి తెచ్చిన కథనరీతిలోనే ఉంది.

జపాన్ రోల్‌ప్లేయింగ్ ఆటల సంప్రదాయంలో కథ ప్రధానంగా రచయితది. 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 7’లో ఎరిత్ మరణాన్ని ఎంతటి నేర్పరీ ఆపలేడు. వీధినాటకంలో అభిమన్యుడు పద్మవ్యూహంలోకి వెళుతుంటే ప్రేక్షకులు కన్నీరు పెడతారే తప్ప లేచివెళ్ళి అడ్డుకోరు. ఎడ్మంటన్ రచయితలు అడ్డుకునే ఆ అధికారాన్నే ఆటగాడి చేతిలో పెట్టారు. ‘మాస్ ఎఫెక్ట్’ (2007)లో వర్మైర్ గ్రహంపై కైడన్, ఆష్లీలలో ఒక్కరినే కాపాడగలం. ఎవరిని వదిలేయాలో ఆటగాడే తేల్చుకోవాలి. ఎరిత్ మరణం దుఃఖాన్ని మిగులుస్తుంది. ఇక్కడ మిగిలేది అపరాధభావం. నవల గానీ సినిమా గానీ దీనిని ఇంత సూటిగా కలిగించలేవు.

అయితే ప్రతి ఎంపికా ఒక బాకీ. రెండు దారులుంటే రెండు సంభాషణలు రాయాలి, రెండూ నటులచేత పలికించాలి. వరసగా పది నిర్ణయాలు నిజంగానే రెండేసిగా చీలితే 1,024 కథలవుతాయి. ఏ సంస్థకూ అది సాధ్యం కాదు కనుక, చీలిన దారులను కొంతదూరం పోనిచ్చి మళ్ళీ కలిపేస్తారు. ‘మాస్ ఎఫెక్ట్ 3’ (2012)లో వర్మైర్ నుంచి బతికి బయటపడినది కైడన్ అయినా, ఆష్లీ అయినా, అంగారకుడిపై ఒకే సన్నివేశంలో, ఒకేలా గాయపడతారు. సంభాషణ బలంగా ఉన్నంతసేపు ఈ అతుకు కనబడదు. ముగింపులో మాత్రం దాచడానికి చోటు లేకపోయింది. మూడు ఆటల నిర్ణయాలన్నీ చివరి మూడు ప్రత్యామ్నాయాల దగ్గరకే చేరాయి. వాటి దృశ్యాలు కూడా చాలావరకు ఒకే పోలికలో ఉన్నాయి. అభిమానులు మండిపడ్డారు. ఆ జూన్‌లో సంస్థ పొడిగించిన ముగింపును ఉచితంగా విడుదల చేసింది. రచయితల తొందరపాటు వల్లనే ఇలా జరిగిందనుకోవడం తేలిక. నిజానికి అది మొదటి ఆటనుంచీ వాయిదా పడుతూ వచ్చిన బాకీ.

అదే ఏడాది సెప్టెంబరులో ముజైకా, జెస్‌చుక్ తప్పుకున్నారు. 2014లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’ కోసం పాత ఆటల నిర్ణయాలను వందల సంఖ్యలో నమోదు చేసుకునేందుకు సంస్థ ప్రత్యేకంగా ఒక వెబ్‌సైటునే నడిపింది. పదేళ్ళ తరువాత, 2024లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ది వేల్‌గార్డ్’ గత ఆటలనుంచి అడిగి తెలుసుకునే నిర్ణయాలు మూడే.