రెండో కొలత

ఎక్కువ లోడు లాగాలని కమాన్ కట్టలకు అదనపు పట్టీలు వేయించి, వెనకభాగం ఎత్తు చేయించిన లారీ షెడ్డు బయటికొచ్చాక ఒక పక్కకు ఒరిగి నిలబడటం విజయవాడ ఆటోనగర్‌లో చూస్తూనే ఉంటాం. తయారీ కొలతలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువగా భయపెట్టేది తర్వాత చేసే పని. దిగిన పక్కన ఇంకో పట్టీ దూరుస్తారు. కంటికి మట్టంగానే కనిపిస్తుంది. లోపం ఛాసీ మెలికలో ఉంటే మాత్రం ఆ పట్టీ దాన్ని దాచిపెడుతుందంతే. చక్రాల మీద బరువు సమానంగా పడదు. తడి రోడ్డు మీద బ్రేకు వేసిన రోజు ఆ తేడా డ్రైవరు మీద పడుతుంది.

లోపం ఎక్కడుందో తేలాలంటే ముందు నేల మట్టం చూడాలి, టైర్లలో గాలి సమానం చేయాలి. డీజిల్ ట్యాంకు ఒక పక్కనే ఉంటుంది గనక దాని బరువునూ మరవకూడదు. తర్వాత కట్టలను కుడి ఎడమలు మార్చి బిగించాలి. ఒరిగే పక్క కూడా మారిందా, తప్పు కట్టదే. ఛాసీ జోలికి పోనక్కర్లేదు.

మారకపోతే అసలు పరీక్ష ఇప్పుడు. కట్టల మీద బరువు లేకుండా బండిని లేపి, ముందు రెండు స్టాండ్లను మట్టం చేసి, వెనక అడ్డపట్టీకి సరిగ్గా మధ్యలో ఒక్క ఆధారమే ఇవ్వాలి. నాలుగు ఆధారాలిస్తే ఛాసీ వాటికి తగ్గట్టు వంగి కూర్చుంటుంది. లారీ ఛాసీ మెలికకు కొంత లొంగేలా చేసిందే. మూడు ఆధారాల మీదైతే దాని సొంత రూపం బయటపడుతుంది. అప్పుడు వెనక రెండు కొసల ఎత్తు తేడాయే మెలిక. తూకపు గుండు వదిలి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు దారం పట్టాలి. రెండు దారాల పొడవు కలవకపోతే ఛాసీ చదరం తప్పినట్టు. సెంటర్ బోల్టు తల ఇరుసు గుంటలో కూర్చుందో లేదో కూడా చూడాలి. అది జారితే బండి వాలుగా నడుస్తుంది.

సరిచేయడం హైడ్రాలిక్ జాకీతో, చల్లగానే, కొంచెం కొంచెంగా జరగాలి. గ్యాస్ మంటతో ఎర్రగా కాలిస్తే గట్టి ఉక్కు బలం పోతుంది. పని అయ్యాక లోడుతో కొంత తిరిగొచ్చి, యూ బోల్టులు మళ్లీ బిగించి, అన్నీ మళ్లీ కొలవాలి. కిరాయి పోతుందని యజమానులు ఈ రెండో కొలతకు బండి ఆపరు. వారిని నేను అడిగేది ఆ ఒక్క పూటే.